జనవరి ప్రశ్న, మార్చి ప్రశ్న: పాకిస్తాన్ వామపక్ష విద్యార్థి ఉద్యమంలో లౌకికత

పాకిస్తాన్‌లో వామపక్ష విద్యార్థి ఉద్యమం ఎందుకు నిలదొక్కుకోలేదంటే రెండు జవాబులు వినిపిస్తాయి. ముస్లింలు అధికసంఖ్యలో ఉన్న దేశంలో మతంతో పనిలేని రాజకీయాలకు చోటు లేదన్నది ఒకటి. సైన్యమూ అమెరికా మైత్రీ కలిసి దాన్ని అణచివేశాయన్నది రెండోది. మొదటి జవాబు చరిత్ర ముందు నిలవదు. రెండోది నిజమే గానీ, సగం నిజం. మిగతా సగం కోసం 1953లో రెండు నెలల తేడాతో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది కరాచీలో. దేశవిభజన తర్వాత అప్పటి రాజధాని అయిన ఆ నగరానికి కాందిశీకులు లక్షల్లో వచ్చిపడ్డారు. కళాశాలలు చాలవు, హాస్టళ్లు లేవు, ప్రయోగశాలలు అంతంతమాత్రం. ఫీజులు మాత్రం మోయలేనంత. డౌ మెడికల్ కళాశాలలో మహమ్మద్ సర్వర్, అతని సహచరుల చొరవతో మొదలైన డెమోక్రటిక్ స్టూడెంట్స్ ఫెడరేషన్ ఈ ఇబ్బందులనే తన కార్యక్రమంగా చేసుకుంది. ‘స్టూడెంట్స్ హెరాల్డ్’ పేరుతో పత్రికా నడిపింది. 1953 జనవరి 7న డిమాండ్ల దినం పేరిట ఊరేగింపు తీసిన విద్యార్థుల మీద లాఠీలు విరిగాయి, బాష్పవాయువు కురిసింది. మర్నాడు పోలీసులు తుపాకులు పేల్చారు, ప్రాణాలు పోయాయి. చివరికి ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్ విద్యార్థి నాయకులతో కూర్చుని మాట్లాడక తప్పలేదు. ఆ డిమాండ్ల జాబితాలో మతం ఊసు లేదు, మతాన్ని వ్యతిరేకించే మాటా లేదు.

రెండోది లాహోర్‌లో. తామూ ముస్లింలమేననే అహ్మదీయ శాఖవారిని ముస్లిమేతరులుగా ప్రకటించాలనీ, ఆ శాఖకే చెందిన విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్‌ను తొలగించాలనీ మతనాయకులు లేవదీసిన ఆందోళన దహనాలకూ హత్యలకూ దారితీసింది. మార్చి 6న నగరంలో సైనిక శాసనం విధించారు. దానిపై విచారణ జరిపిన జస్టిస్ మునీర్ సంఘం, ముస్లిం అంటే ఎవరో చెప్పమంటే ఏ ఇద్దరు ఉలేమా జవాబూ కలవలేదని 1954 నివేదికలో నమోదు చేసింది.

పౌరుడికి రాజ్యం ఏమివ్వాలన్నది జనవరి అడిగిన ప్రశ్న. అసలు పూర్తి పౌరుడు ఎవరన్నది మార్చి లేవనెత్తిన ప్రశ్న. వామపక్ష విద్యార్థులకు మొదటిదానికి గట్టి జవాబుంది. అది తేలితే రెండోది దానంతటదే కరిగిపోతుందని వాళ్లు నమ్మినట్టు కనిపిస్తుంది. ఆ నమ్మకం అప్పట్లో బలమే అయింది: మతమెరగని ఫీజు సమస్య షియా, సున్నీ, మొహాజిర్, సింధీ విద్యార్థులను ఒక్కచోట చేర్చింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే లోటుగా తేలింది.

నిర్బంధాన్ని తక్కువచేసి చెప్పడానికి లేదు. 1951 మార్చిలో రావల్పిండి కుట్ర కేసు కమ్యూనిస్టు నాయకుడు సజ్జాద్ జహీర్‌నూ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్‌నూ జైలుకు పంపింది. 1954 మేలో అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం కుదిరింది. జులైలో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు, విద్యార్థి సమాఖ్యకూ అదే గతి పట్టింది. ఈ వరసలో తెలుగు పాఠకుడికి దగ్గరి పేరు ఒకటుంది, హసన్ నాసిర్. 1928లో హైదరాబాద్‌లో నవాబుల ఇంట పుట్టి, విభజన తర్వాత కరాచీ చేరి, పార్టీ పనిలో మునిగిపోయినవాడు. 1960లో అరెస్టు చేసి లాహోర్ కోటకు తీసుకెళ్లారు. నవంబరులో చనిపోయాడు. ఆత్మహత్య అన్నది ప్రభుత్వం. వామపక్ష నాయకుడు మేజర్ ఇస్‌హాక్ మహమ్మద్ కోర్టుకెక్కడంతో పూడ్చిన శవాన్ని వెలికితీయాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన తల్లి దాన్ని చూసి, ఇది నా కొడుకుది కాదంది. అధికారిక పత్రాల కంటే ఆ తల్లి వాంగ్మూలమే పాకిస్తాన్ వామపక్ష జ్ఞాపకంలో ఎక్కువకాలం నిలిచింది.

అయినా ఉద్యమం చావలేదు. ప్రభుత్వ ఆశీస్సులతో 1950ల మధ్యలో పుట్టిన నేషనల్ స్టూడెంట్స్ ఫెడరేషన్‌లోకి నిషేధానికి గురైన సంస్థ కుర్రాళ్లే చేరి, దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ విద్యాసంస్కరణలు తెచ్చిన మూడేళ్ల డిగ్రీపై 1962లో పోరాడారు. మెరాజ్ మహమ్మద్ ఖాన్, ఫతేయాబ్ అలీ ఖాన్ తదితరులను కరాచీ నుంచే బహిష్కరించారు. ఆ తర్వాత మాస్కో, పెకింగ్ గొడవలో సమాఖ్య రెండుగా చీలింది. 1964లో మన దగ్గర కమ్యూనిస్టు పార్టీ ఎలా చీలిందో తెలిసినవారికి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. 1968 నవంబరు 7న రావల్పిండిలో పోలీసు తూటాకు పాలిటెక్నిక్ విద్యార్థి అబ్దుల్ హమీద్ చనిపోయాడు. లండీ కోతల్ బజారులో విద్యార్థులు కొన్న సరుకులను అధికారులు లాక్కోవడంతో మొదలైన చిన్న గొడవ అది. 1969 మార్చి 25న అయూబ్ గద్దె దిగేదాకా ఆ నిప్పు ఆరలేదు. వామపక్షానికి చోటు లేదన్నవారు ముందు ఈ ఐదు నెలలకు సమాధానం చెప్పాలి.

అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో కథ వేరు. 1952 భాషోద్యమం వెన్నంటి అక్కడ పుట్టిన విద్యార్థి సంఘం, స్టూడెంట్స్ యూనియన్, మొదటి నుంచీ అన్ని మతాలవారికీ తలుపులు తెరిచింది. హిందువుకూ ముస్లింకూ సొంతమైన బెంగాలీ భాష వాళ్లకు మార్చి ప్రశ్నను ఎదుర్కొనే ఆయుధమైంది. అవామీ ముస్లిం లీగ్ 1955లో తన పేరులోంచి ‘ముస్లిం’ తీసేయడానికి ఆ వాతావరణమూ కారణమే. కరాచీ, లాహోర్ విద్యార్థులకు అలాంటి ఉమ్మడి ఆధారం దొరకలేదు. ఉర్దూ అప్పటికే రాజ్యం భాష.

పశ్చిమాన ఉద్యమశక్తి చాలావరకు భుట్టో వెంట నడిచింది. ఆయన పెట్టిన పాకిస్తాన్ పీపుల్స్ పార్టీ 1967 చివర్లో ఇస్లాం మా మతం, సోషలిజం మా ఆర్థిక విధానం అన్న అర్థమిచ్చే సూత్రంతో వచ్చింది. మార్చి ప్రశ్నను దాటేయడానికి అంతకంటే సులువైన దారి లేదు. మెరాజ్ భుట్టో ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు, రాజీనామా చేశాడు, తర్వాత అదే ప్రభుత్వ హయాంలో జైలుకు వెళ్లాడు. 1974 మే 29న రబ్వా రైల్వే స్టేషన్‌లో ముల్తాన్ నిష్తర్ మెడికల్ కళాశాల విద్యార్థులకూ అహ్మదీయులకూ జరిగిన కొట్లాట దేశమంతా పాకింది. సెప్టెంబరు 7న పార్లమెంటు రెండో రాజ్యాంగ సవరణతో అహ్మదీయులను ముస్లిమేతరులను చేసింది. వామపక్ష యువత భుజాన మోసి గెలిపించిన ప్రభుత్వమే ఆ పని చేసింది. కరాచీలో ఫీజులపై ఉద్యమించిందీ మెడికల్ విద్యార్థులే, రబ్వా రైల్లో ఉన్నదీ మెడికల్ విద్యార్థులే. నడుమ ఇరవై ఒక్క ఏళ్లు.

ఆ నడుమ కాలంలో జమాతే ఇస్లామీ అనుబంధ విద్యార్థి సంఘం జమియతే తలబా ఒక తెలివైన పని చేసింది. కొత్తగా చేరేవారికి ప్రవేశాల్లో, హాస్టళ్లలో తోడ్పడుతూ జనవరి ప్రశ్ననూ తన చేతుల్లోకి తీసుకుంది. 1970లలో పంజాబ్, కరాచీ విశ్వవిద్యాలయాల ఎన్నికల్లో దాని గెలుపులను దౌర్జన్యంతో మాత్రమే వివరించలేం. దౌర్జన్యం లేదనీ చెప్పలేం. 1984లో సైనిక పాలకుడు జియా విద్యార్థి యూనియన్లను నిషేధించినప్పుడు దెబ్బ కాగితం మీద అందరికీ సమానం. కానీ మసీదు, మాతృపార్టీ అండగా ఉన్నవారు మిగిలారు, ఎన్నికల బరి తప్ప మరో ఆసరా లేనివారు చెదిరిపోయారు. 1988లో ప్రధాని బేనజీర్ నిషేధం ఎత్తేసినా, 1993లో సుప్రీంకోర్టు తీర్పుతో తలుపులు మళ్లీ మూసుకున్నాయి. రాజకీయాల జోలికి పోనని ప్రవేశ సమయంలో సంతకం చేయించుకునే పద్ధతి స్థిరపడింది.

2017 ఏప్రిల్ 13న మర్దాన్‌లోని అబ్దుల్ వలీ ఖాన్ విశ్వవిద్యాలయంలో మషాల్ ఖాన్‌ను దైవదూషణ ఆరోపణతో గుంపు కొట్టి చంపింది. తనను మానవతావాదినని చెప్పుకున్న ఈ విద్యార్థి, విశ్వవిద్యాలయ పాలకుల అవకతవకలను బాహాటంగా ప్రశ్నించాడు. ఆరోపణకు ఆధారం లేదని సంయుక్త దర్యాప్తు బృందం తేల్చింది. జనవరి ప్రశ్న అడిగినవాడిని మార్చి ప్రశ్నతో చంపవచ్చని ఆ ఘటన చూపింది. రెండూ వేరని ఇక ఎవరూ అనలేని స్థితి.

2019 నవంబరు 29న లాహోర్ మొదలుకొని అనేక నగరాల్లో ప్రోగ్రెసివ్ స్టూడెంట్స్ కలెక్టివ్, దాని మిత్ర సంఘాలు సంఘీభావ యాత్రలు తీశాయి. యూనియన్ల పునరుద్ధరణ, ఫీజుల తగ్గింపు, ఆ సంతకాల పద్ధతి రద్దు, లైంగిక వేధింపులపై కమిటీలు వాళ్లు అడిగినవి. 2022లో సింధ్ శాసనసభ యూనియన్లను అనుమతిస్తూ చట్టం చేసింది. లాహోర్‌లో మాత్రం 2019 యాత్ర ముగిసిన వెంటనే పోలీసులు నిర్వాహకులపై రాజద్రోహం కేసు పెట్టారు. ఎఫ్ఐఆర్‌లోని పేర్లలో ఒకటి మషాల్ ఖాన్ తండ్రిది.