యంత్రము చేసిన హానికి ఉత్తరవాది ఎవరు?

1841 డిసెంబరు 24వ తేదీ తెల్లవారుజామున ఇంగ్లండులో రెడింగు పట్టణము చెంత, సోనింగ్ అనుచోట, వానలకు నాని విరిగిపడిన మట్టిచరియను ఒక రైలు ఢీకొన్నది. ఇంజనునకును సరుకుల పెట్టెలకును నడుమ, పైకప్పులేని బండ్లలో కూర్చున్న కూలివారు పలువురు నలిగి మరణించిరి. విచారణ జరిపిన జ్యూరీ వెయ్యి పౌనుల దండుగ విధించినది. ఎవరిపై ననుకొందురు? రైలింజనుపైన, దాని పెట్టెలపైన!

ఇది పరిహాసము కాదు. మనిషి ప్రాణము తీసిన వస్తువు, ఎద్దు కానిండు, బండిచక్రము కానిండు, రాజునకు చెందవలెను. లేనిచో దాని వెల చెల్లింపవలెను. 'డియోడాండ్' అను ఈ ఆచారము మధ్యయుగములనుండి వచ్చినది. ఆ సొమ్ము మృతుని భార్యాబిడ్డలకు చేరవలెనను నియమము మాత్రము లేదు. 1846లో పార్లమెంటు ఈ ఆచారమును రద్దుచేసినది. తప్పు చేసినవారినుండి మృతుల కుటుంబములు నష్టపరిహారము కోరు హక్కును ఆ సంవత్సరమే కల్పించినది.

కాని తప్పు నిరూపించుట పేదవారికి సాధ్యమా? అందుచే చట్టము మరియొక అడుగు వేసినది. మన దేశమున 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము, పనిలో గాయపడినవాడు యజమాని తప్పును నిరూపింప నక్కరలేకయే పరిహారము పొందు వీలు కలిగించినది. 1939 నాటి మోటారు వాహనముల చట్టము, బాటసారికి కలుగు హానికై వాహనమునకు బీమా తప్పనిసరి చేసినది.

ఇప్పుడు తమంతట తాము నిర్ణయములు చేయు యంత్రములు వచ్చినవి. అట్టి మరమనుషులలో మిక్కిలి నేర్పుగలవానికి చట్టమున 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదా నిచ్చు విషయమును పరిశీలింపుడని 2017లో యూరోపియన్ పార్లమెంటు కోరినది. నిర్బంధ బీమాను, పరిహార నిధిని గూడ ఆ తీర్మానమే సూచించినది. మరుసటి యేడు నూటయేబదిమందికి పైగా నిపుణులు, ఆ హోదా తగదని బహిరంగలేఖ వ్రాసిరి. 2024లో యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన యంత్రమును వ్యక్తిగా నెంచలేదు. సాఫ్ట్‌వేరును గూడ వస్తువుగా నెంచి, దాని లోపమునకు తయారుచేసినవారినే బాధ్యులను చేసినది. సాంకేతిక చిక్కులవలన నిరూపణము మిక్కిలి కష్టమైనచో, లోపమున్నదని న్యాయస్థానము భావింపవచ్చునని గూడ పలికినది.

యంత్రమునకు ఆస్తి లేదు, భయము లేదు. దానిని శిక్షించినచో బాధితునకు ఒరుగున దేమియు లేదని ఇంగ్లండు 1846లోనే గ్రహించినది. యంత్రమువలన లాభము పొందువారే బీమా సొమ్ము కట్టవలెను. కోర్టుల చుట్టు తిరుగు పని గాయపడినవాని కుటుంబమునకు తప్పవలెను. చట్టము నూరేండ్లకు పైగా నడచివచ్చిన దారి యిదియే.