ఇంటిపేరులోకి రాని మగ్గం: బండారులంక నేపథ్యంలో తెలుగు వృత్తినామాల పరిశీలన

అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్లే దారిలో ఉంది బండారులంక. నూలు చీరలకు పేరుపడ్డ ఊరు. కోనసీమ చేనేత అనగానే పుల్లేటికుర్రు, మోరిలతో పాటు ముందుగా తలుచుకునే ఊరు ఇదే. ఇలాంటి ఊరు ఇంగ్లండులో ఉండి ఉంటే, అక్కడి నేతగాళ్ల సంతతిలో కొందరికైనా వెబ్‌స్టర్ అనో, వెబ్ అనో, వీవర్ అనో ఇంటిపేరు స్థిరపడేది. ఈ మూడూ నేత పనివాడిని చెప్పే పేర్లే. తెలుగు చేనేత కుటుంబాల ఇంటిపేర్లలో ఆ అర్థమున్నవి చాలా అరుదు. తరతరాలుగా మగ్గం మీదే బతికిన వంశాలు తమ పేరులో మగ్గానికి చోటెందుకు ఇవ్వలేదు? ఊరి పేరు మొదట ఉన్న ‘బండారు’ మాత్రం తెలుగునాట నాలుగు మూలలా ఇంటిపేరుగా ఉంది. అది ఖజానా కొలువుకు చెందిన మాట. ఈ రెండింటినీ కలిపి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నా వాదన ఇది: మన దగ్గర చేతిపని కులం పేరులో చేరింది, కొలువు ఇంటిపేరులో చేరింది.

ఇంగ్లండులో ఇంటిపేర్లు 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా క్రమంగా వంశపారంపర్యమయ్యాయి. 1379, 1381 సంవత్సరాల తలపన్ను జాబితాల్లో చాలాచోట్ల మనిషి పేరు పక్కన వృత్తి కూడా రాశారు. కొందరి వృత్తీ ఇంటిపేరూ అప్పటికి ఒకటే, కొందరివి అప్పటికే విడిపోయాయి. స్మిత్ నేటికీ అక్కడ అన్నిటికన్నా విస్తారమైన ఇంటిపేరు. కమ్మరులు ఊరి జనాభాలో ఎక్కువమంది కావడం దానికి కారణం కాదు. ప్రతి ఊరికీ కమ్మరి కావాలి, ఒక్కడుంటే చాలు. పదిమంది రైతుల మధ్య ఆ ఒక్కణ్ణీ గుర్తుపట్టడానికి అతని పని చెబితే సరిపోయేది. ఊళ్లో నూటికి ఎనభైమంది చేసే పని ఎవరికీ గుర్తు కాలేదు. అందుకే జనంలో అత్యధికులు సేద్యం మీద బతికిన ఆ దేశంలో ఫార్మర్ అన్న ఇంటిపేరు స్మిత్‌కు దరిదాపుల్లో కూడా లేదు.

బట్ట పనుల దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నేసిన ఉన్ని బట్టను నీళ్లలో తొక్కి చిక్కబరిచేవాడు ఇంగ్లండు ఉత్తరాన వాకర్ అయ్యాడు, ఆగ్నేయంలో ఫుల్లర్ అయ్యాడు, నైరుతిలో టక్కర్ అయ్యాడు. పని ఒకటే, పేరు ప్రాంతాన్ని బట్టి మారింది. ఈ మూడు ఇంటిపేర్ల వ్యాప్తిని పటం మీద గీస్తే మధ్యయుగపు మాండలికాల ఎల్లలు చాలావరకు బయటపడతాయి. ఉన్ని దువ్వేవాడు కార్డర్, నేసేవాడు వెబ్‌స్టర్, రంగు వేసేవాడు డయ్యర్ లేదా లిస్టర్, కుట్టేవాడు టైలర్. గొర్రె వీపు మీది ఉన్ని మనిషి ఒంటి మీది అంగీ అయ్యేదాకా ఏ పని తీసుకున్నా దానికో ఇంటిపేరు ఉంది.

అదే వరసను తెలుగునేల మీద చూద్దాం. దూది ఏకేవారు దూదేకులవారు. నేసేవారు సాలెలు, దేవాంగులు, కర్ణభక్తులు. ఉతికేవారు చాకలివారు. తెలంగాణలో కుట్టుపని చేసేవారు మేరవారు. ఇక్కడా ప్రతి పనికీ పేరుంది, కాని అదంతా కులాల వరస. ఒక సమాజం వృత్తిని ఇంటికి అంటగట్టింది, మరొకటి జాతికి అంటగట్టింది. జాతి పేరే వృత్తిని చెబుతున్నప్పుడు అదే మాటను ఇంటిపేరు మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

దీనికి మన చరిత్రలోనే ఇద్దరు స్త్రీల పేర్లు బలమైన సాక్ష్యం. రామాయణం రాసిన మొల్ల ఇంటిపేరు ఆతుకూరి. లోకం ఆమెను కుమ్మరి మొల్ల అంది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి తన పంటను కాపాడుకున్న ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. జనం నోట, పాటలో, సభల్లో ఆమె చాకలి ఐలమ్మ. ఇద్దరికీ పేరు ముందు రెండు మాటలున్నాయి, వాటిలో ఏది ఇంటిదో ఏది కులానిదో తెలుగువారు ఎన్నడూ పొరబడలేదు. ఇంగ్లండులో కుమ్మరి పనిని చెప్పే పాటర్ అన్న మాటే కాలక్రమంలో ఇంటిపేరైపోయింది. మన దగ్గర ‘కుమ్మరి’ బయటివాళ్లు పిలిచే పిలుపుగా ఉండిపోయింది, ‘ఆతుకూరి’ ఇంట్లో నిలిచింది.

ఇంటిపేరు చేయాల్సిన పని ఏమిటో చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. ఒకే ఇంటిపేరున్నవాళ్లు అన్నదమ్ముల వరస, వారి మధ్య పెళ్లి కుదరదు. సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు మొదట అడిగేది “మీ ఇంటిపేరేమిటండీ?” అనే. అంటే ఇంటిపేరు ఒక కులం లోపల ఒక వంశాన్ని ఇంకో వంశం నుంచి వేరుచేయాలి. కులమంతా చేసే పనిని ఇంటిపేరుగా పెట్టుకుంటే ఆ వేరుచేయడం సాధ్యం కాదు. బండారులంక వంటి ఊళ్లో ఇది కళ్లకు కట్టినట్టుంటుంది. మగవాడు గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చుని, తాడు గుంజి నాడెను ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తించి, అచ్చును తన వైపు లాగి పేకను బిగిస్తాడు. ఆ వసారాలోనే ఇంటి ఆడవాళ్లు రాట్నం తిప్పుతూ కండెలు చుడతారు. ముసలివాళ్లు తెగిన పోగులు అతుకుతారు. ఇంటిల్లిపాదీ ఆ పనిలోనే ఉంటారు, పక్కింటివాళ్లదీ అదే పని, వియ్యంకుడి ఇంట్లోనూ అదే చప్పుడు. అక్కడ మగ్గం ఎవరికని ఆనవాలు అవుతుంది?

అందుకే నేతవారి ఇంటిపేర్లు వేరే ఆనవాళ్లను వెతుక్కున్నాయి. ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం ఇంటిపేరు చూడండి. పోచంపల్లి పట్టుచీర ఒక్కదానికి ఆసు పోయడంలో, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పడంలో, చేతిని దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. తల్లి పడే ఆ బాధ చూడలేకే ఆయన ఆ యంత్రం చేశారు. ఇంతగా నేతతో ముడిపడిన ఇంటి పేరు చెబుతున్నది ఒక చెట్టును. చింతచెట్టు కింది ఇల్లు అంటే ఆ ఊరివాళ్లకు చాలు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలో దేవాంగుల ఇంటిపేర్ల జాబితా ఉంది. చల్ల, బొగ్గుల, కత్తి, ఉట్ల, వస్త్రాల వంటి పేర్లు అందులో కనిపిస్తాయి. వీటిలో వస్త్రాల అన్నది నేతకు దగ్గర మాటే, అయినా అది బట్టను చెబుతుంది, బట్ట నేసేవాడిని చెప్పదు. అదే జాబితాలో బండారి కూడా ఉంది. నేతకులంలో నేతగాడి పేరు కనబడని చోట ఖజానాదారు పేరు కనబడటం యాదృచ్ఛికమని నేననుకోను.

మాట పోలికను బట్టి అర్థం తేల్చేయడంలో ప్రమాదం ఉంది. ఇక్కత్ నేతకు 2011లో పద్మశ్రీ పొందిన గజం గోవర్ధన ఇంటిపేరు వినగానే బట్ట కొలిచే గజం మనసుకొస్తుంది, కాని ఏనుగూ గజమే, మన ఇంటిపేర్లలో జంతువులకు కొదవ లేదు. గోదావరి జిల్లాలవారు దేవుడిలా కొలిచే ఆర్థర్ కాటన్ ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు. అది గుడిసెలను సూచించే పాత ఇంగ్లీషు ఊరిపేర్ల నుంచి వచ్చింది.

కొలువుల వైపు వస్తే దృశ్యం పూర్తిగా మారిపోతుంది. కరణం, తలారి, సుంకర, రాయసం, ప్రగడ, ద్విభాష్యం, దళవాయి, బండారు: ఇవన్నీ తెలుగు ఇంటిపేర్లే, అన్నీ ఉద్యోగాలే. ఊరికి ఒక కరణం, ఒక సుంకరి. కోటకో గుడికో ఒక బండారి. ఇంగ్లండు పల్లెలో కమ్మరి ఒంటరితనం ఎలాంటిదో, తెలుగు పల్లెలో కరణం ఒంటరితనం అలాంటిది. తన కులంలోని మిగతా ఇళ్ల నుంచి ఆ ఒక్క ఇంటిని కొలువు వేరు చేసింది, పైగా వంశపారంపర్యంగా నడిచింది. ఇంటిపేరుకు కావలసిన రెండు లక్షణాలూ అక్కడ సిద్ధంగా ఉన్నాయి.

ఈ మాటలు ఇంటిపేరు స్థానానికి చేరిన తీరును కొంతవరకు గుర్తించవచ్చు. 14వ శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవి ఎఱ్ఱాప్రెగ్గడ పేరులో మంత్రి పదవిని చెప్పే మాట పేరు చివర ఉంది. 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల అధికారి రాయసం కొండమరసు పేరులో కొలువు పేరుకు ముందుకు వచ్చింది. రాతకోతల అధికారి గనుక ఆయన రాయసం. 1870లో పుట్టిన రాయసం వెంకటశివుడు కాలానికి అది అచ్చమైన ఇంటిపేరు. ఆయన వీరేశలింగం శిష్యుడు, అధ్యాపకుడు, ఏ రాజుకీ రాయసం రాసినవాడు కాదు. ఈ ఇద్దరి మధ్య వంశ సంబంధం ఉందని నేననడం లేదు. పదవి పేరు ఇంటిపేరైన దారి మాత్రం కనిపిస్తోంది. ఇదే దారిలో ఇంకో మనసుకు హత్తుకునే ఉదాహరణ ప్రగడ కోటయ్య. నిడుబ్రోలుకు చెందిన ఆయన చేనేత కార్మికుల కోసం జీవితమంతా వెచ్చించారు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థకు ఆయన పేరే పెట్టారు. తెలుగు నేతన్నలకు ఆధునిక కాలంలో పెద్దదిక్కైన మనిషి ఇంటిపేరు నాటి మంత్రుల బిరుదు.

కోనసీమలోనే దీనికి మరో రకం ఉంది. పండితరాయలుగా దేశమంతటా ప్రసిద్ధుడైన జగన్నాథుడిది ముంగండ అనీ, ఆయన ఇంటిపేరు ఉపద్రష్ట అనీ సంప్రదాయం. యజ్ఞం సక్రమంగా జరుగుతోందో లేదో కనిపెట్టి చూసేవాడు ఉపద్రష్ట. సోమయాజుల, అవధానుల, పురాణం, జోస్యుల అనే పేర్లూ ఈ కోవలోవే. ఇవి రాచకొలువులు కావు, కాని కులమంతా చేసే పనులూ కావు. కొందరికే దక్కే బాధ్యతలు.

ఇక బండారు. సంస్కృతంలోని భాండాగారం ప్రాకృతం మీదుగా భండారమై తెలుగులో బండారం, బండారు అయింది. దాన్ని చూసేవాడు బండారి. ఖజానా రాజుదే కానక్కర్లేదు. తిరుమల శాసనాల్లో శ్రీభండారం అంటే స్వామివారి ఖజానా. ఈ కొలువు నుంచే ఉత్తర భారతంలో, నేపాల్‌లో భండారీ అన్న ఇంటిపేరు వచ్చింది. తెలుగునాట ఈ పేరు వ్యాప్తిని చూడాలంటే ప్రజలందరికీ తెలిసిన కొందరిని తలుచుకుంటే చాలు. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసిన బండారు అచ్చమాంబ (1874–1905)కు ఇది మెట్టినింటి పేరు. ఆమె పుట్టినిల్లు కొమర్రాజువారిది. హైదరాబాదువాడైన బండారు దత్తాత్రేయ హిమాచల్‌ప్రదేశ్, హర్యానా గవర్నరుగా పనిచేశారు. శైవసాహిత్యంలో పేరొందిన పండితుడు బండారు తమ్మయ్య. కోనసీమలోని కొత్తపేట నుంచి శాసనసభకు ఎన్నికైనవారు బండారు సత్యానందరావు. వీరిది ఒకే ప్రాంతం కాదు, ఒకే కులమూ కాదు. ఒక మూలపురుషుడి నుంచి పాకిన పేరు ఇలా ఉండదు. గుడిగుడికీ, కోటకోటకీ విడివిడిగా పుట్టిన కొలువు పేరే ఇలా కులాలు దాటి కనిపిస్తుంది. స్మిత్ పేరు విస్తరించిన తీరూ ఇదే.

ఈ వ్యాప్తి బండారులంక పేరు గురించి ఒక చిక్కును విప్పుతుంది. వక్కలంక, పలివెల, ర్యాలి వంటి కోనసీమ ఊళ్ల పేర్లు యథాతథంగా ఇంటిపేర్లయ్యాయి. ఆ లెక్కన బండారులంక నుంచి పుట్టే ఇంటిపేరు బండారులంకే కావాలి. తెలంగాణ దాకా ఉన్న బండారు పేరుకు ఒక గోదావరి లంక మూలం కాలేదు. కాబట్టి ముందున్నది బండారు, తర్వాత వచ్చింది ఊరు. బండారువారి లంక అనో, బండారానికి చెందిన లంక అనో చెప్పుకోవడానికే మాట నిర్మాణం వీలిస్తుంది. లంకభూములకు హక్కుదారు పేరు అంటుకోవడం గోదావరి సీమలో సహజం కనుక నేను మొదటిదానివైపే మొగ్గుతాను.

ఈ పేరు లెక్కించేవారు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం. అది రేవును చెప్పే పారశీక పదం. తెలుగు లిపిలో బందరు, బండారు స్పష్టంగా వేరు, ఇంగ్లీషులో రాసిన జాబితాల్లో ఆ తేడా చెరిగిపోతుంది. రెండోది, తెలంగాణలో మల్లన్న పూజలో వాడే పసుపును బండారి అంటారు. అక్కడి బండారి ఇంటిపేర్లన్నిటినీ ఖజానా ఖాతాలో వేయకూడదు.

నా వాదనకు ఎదురుగా కనిపించే సాక్ష్యం ఒకటుంది. తెలంగాణలో, రాయలసీమలో కుమ్మరి, వడ్ల, చాకలి, బోయ అన్న మాటలు బడి రికార్డుల్లో, భూమి పాసుపుస్తకాల్లో ఇంటిపేరు గడిలోనే కనిపిస్తాయి. ఇవి పాటర్, స్మిత్‌లకు సరిజోడులా అనిపిస్తాయి. పరిశీలిస్తే, రాసేవాడు ఊళ్లో వాడుకలో ఉన్న కులం పిలుపును ఆ గడిలో నింపాడు. అలాంటి ఇళ్లలో పెళ్లి మాటల దగ్గర మాత్రం అసలు ఇంటిపేరే బయటికొస్తుంది. రికార్డు చేసిన ఈ పని చిన్నది కాదు. సముద్రం దాటినవారి విషయంలో అది ఇంటిపేరును తుడిచేసింది కూడా. కోనసీమకు దగ్గరలోని కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన తెలుగు కూలీల పేరు, తండ్రి పేరు, కులం, ఊరు రాసుకున్నారు. ఇంటిపేరు ఎవరికీ అవసరం పడలేదు. తరువాతి తరాలకు తాత పేరే ఇంటిపేరైంది. అందుకే అక్కడి తెలుగువారిలో అప్పడు, రామ్‌సామి లాంటి పేర్లు వినిపిస్తాయి.

కొలువులు పోయాయి. వంశపారంపర్య గ్రామోద్యోగాలను 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. కరణీకం పోయినా కరణం ఇంటిపేరు నిలిచింది, సిడ్నీ ఒలింపిక్స్ పతక వేదిక మీద కూడా వినబడింది. నేతకు ఆ రక్షణ లేదు. మగ్గం ఇంటిపేరులో లేదు కనుక, బండారులంకలో ఒక కుటుంబం మగ్గం విప్పేసి వలస వెళ్తే, రెండు తరాల తర్వాత ఆ పేరు చూసి వారు నేతవారని ఎవరూ చెప్పలేరు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1971లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటం చేనేత మాటలను కాపాడింది. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊరిపేర్లను పరిశోధించి గ్రంథస్థం చేశారు. కోనసీమ నేతవారి ఇంటిపేర్లకు అలాంటి పని ఇంకా జరగాలి. సహకార సంఘాల పాత సభ్యత్వ పుస్తకాలు, తెలుగులో ఉన్న ఓటర్ల జాబితాలు, ఇళ్లలో దాచుకున్న శుభలేఖలు దీనికి ముడిసరుకు. కోనసీమ కళాశాలల్లోని తెలుగు, చరిత్ర శాఖలు తమ విద్యార్థులను ఈ ఊళ్లకు పంపి, వీధివీధినా ఇంటిపేర్లనూ, అవి ఎలా వచ్చాయో పెద్దలు చెప్పే కథలనూ రాయించాలని కోరుతున్నాను. ఆసు పోసిన చేతులున్న పెద్దవాళ్లు మన మధ్య ఉండగానే ఈ పని మొదలు కావాలి.