వైద్య విద్య, ప్రజారోగ్య సేవలపై ప్రభుత్వ అజమాయిషీ: భారతదేశం

భారతదేశంలో ప్రభుత్వాసుపత్రులను నడిపేది రాష్ట్రాలు. డాక్టరు ఏం చదవాలో, ఎక్కడ చదవాలో తేల్చేది ఢిల్లీ. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు రాష్ట్ర జాబితాలో 6వ అంశంగా ఉన్నాయి. వైద్య వృత్తి, వైద్య విద్య ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. డాక్టర్ అవసరం ఒక చోట, డాక్టర్‌ను తయారుచేసే అధికారం మరో చోట ఉండటం వల్ల వచ్చిన చిక్కులే ఈ చరిత్రలో అడుగడుగునా కనిపిస్తాయి. రాజ్యాంగం రాకముందే ఆ చీలిక మొదలైంది.

కంపెనీ కాలం నుంచి 1919 వరకు

ఈస్టిండియా కంపెనీ మొదట తన సిపాయిల కోసం, తన ఉద్యోగుల కోసం వైద్యులను పోషించింది. వాళ్లకు సాయంగా ఉండే స్థానికులకు శిక్షణ ఇవ్వడానికి 1822లో కలకత్తాలో నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టి, దేశభాషల్లో పాఠాలు చెప్పించింది. 1835లో దాన్ని మూసేసి, ఇంగ్లిషులో పాశ్చాత్య వైద్యం మాత్రమే నేర్పే కలకత్తా మెడికల్ కాలేజీని తెరిచింది. అదే ఏడాది మద్రాసులో మొదలైన వైద్య పాఠశాల 1850లో కాలేజీ అయింది. నిజాం రాజ్యం దారి వేరు. 1846లో రెసిడెన్సీ సర్జన్ విలియం కాంప్‌బెల్ మెక్లీన్ చొరవతో హైదరాబాదులో పెట్టిన వైద్య పాఠశాలలో బోధన ఉర్దూలో సాగింది. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే.

ప్రజారోగ్యం మీద సర్కారు చూపు పడింది కూడా సైన్యం కోసమే. భారత్‌లోని బ్రిటిష్ సైనికుల ఆరోగ్యంపై వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. వెయ్యి మందిలో ఏటా 69 మంది చనిపోతున్నారని, వాళ్లను చంపుతున్నది యుద్ధం కాదు, జబ్బులని అది తేల్చింది. మరుసటి ఏడాది బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల్లో శానిటరీ కమిషన్లు ఏర్పడ్డాయి. 1897లో ప్లేగు భయంతో తెచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు అపరిమితమైన అధికారాలిచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రభుత్వాలు దుమ్ము దులిపి బయటికి తీసిందీ ఆ చట్టాన్నే.

1919 భారత ప్రభుత్వ చట్టం వైద్యం, ప్రజారోగ్యం శాఖలను రాష్ట్రాల మంత్రులకు అప్పగించింది. ఖర్చు ఎక్కువ, రాబడి లేని శాఖలను భారతీయ మంత్రులకు వదిలేశారన్న విమర్శ అప్పుడే వచ్చింది, అందులో అబద్ధమేమీ లేదు. ఆ మంత్రుల కాలంలోనే 1923లో విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి అదే మొదటిది.

లండన్ కాదన్నాక పుట్టిన కౌన్సిల్

వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టాలు బొంబాయిలో 1912లో, మద్రాసులో, బెంగాల్‌లో 1914లో వచ్చాయి. భారతీయ డిగ్రీ చెల్లుతుందో లేదో చెప్పే చివరి మాట మాత్రం లండన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్‌దే. ఇక్కడి కాలేజీల్లో ప్రసూతి శిక్షణ చాలదని, ఒక్కో విద్యార్థి చేయాల్సినన్ని కాన్పులు చేయడం లేదని ఆ కౌన్సిల్ 1920ల పొడవునా అభ్యంతరం చెప్పి, చివరికి 1930లో భారతీయ డిగ్రీలకు గుర్తింపు ఆపేసింది. దానికి జవాబుగా 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది.

ఈ పుట్టుకను గుర్తుపెట్టుకోవాలి. మన డిగ్రీ విదేశాల్లో చెల్లాలన్నది కౌన్సిల్ ముందున్న మొదటి ప్రశ్న. పల్లెలో జ్వరమొస్తే ఎవరు చూస్తారన్నది దాని ముందుకు రాలేదు. అప్పట్లో దేశంలో ఎక్కువ మంది వైద్యులు స్కూళ్లలో చదివిన లైసెన్షియేట్లు, అంటే ఎల్‌ఎంపీలు. కొత్త చట్టం వాళ్లను పక్కనపెట్టి యూనివర్సిటీ పట్టభద్రులనే లెక్కలోకి తీసుకుంది.

ప్రజారోగ్యం వైపు నుంచి చూస్తే ఆ కాలపు గట్టి పని మద్రాసు ప్రజారోగ్య చట్టం, 1939. దేశంలో ఈ విషయమై వచ్చిన మొదటి సమగ్ర చట్టం ఇదే. మంచినీరు, మురుగు, అంటురోగాలు, మాతాశిశు సంరక్షణ అన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి, మున్సిపాలిటీలు ఆదాయంలో కనీసం 30 శాతం ప్రజారోగ్యానికి కేటాయించాలంది. మద్రాసు నుంచి విడిపోయాక కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ చట్టం వారసత్వంగా వచ్చింది. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణకు అది వర్తించలేదు.

భోర్ కమిటీ, ఎల్‌ఎంపీల నిష్క్రమణ

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో వేసిన కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. దాని లెక్కలో దేశంలోని రిజిస్టర్డ్ వైద్యులు 47,524. వాళ్లలో పట్టభద్రులు 17,654 మందే, మిగతా 29,870 మంది లైసెన్షియేట్లు. సగటున 6,300 మందికి ఒక డాక్టరు. స్వల్పకాలిక ప్రణాళికగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని కమిటీ చెప్పింది. 1952 నుంచి సమాజాభివృద్ధి పథకం కింద ఊళ్లలో వచ్చిన పీహెచ్‌సీలు ఆ సలహా ఫలితమే.

అదే కమిటీ ఎల్‌ఎంపీ కోర్సు ఎత్తేసి, అందరికీ ఒకే స్థాయి డిగ్రీ ఉండాలంది. డాక్టర్ల కొరత ఇంత ఉండగా ఇది తగదని కొందరు సభ్యులు విభేదించినా వాళ్ల మాట చెల్లలేదు. పీహెచ్‌సీ భవనాలు లేచాయి, వాటిలో కూర్చునే డాక్టరు మాత్రం కనుమరుగయ్యాడు. పల్లెల్లో ఆ ఖాళీని నింపింది చట్టం గుర్తించని ఆర్‌ఎంపీలు. తెలుగు ఊళ్లలో సూదిమందు వేసి, సెలైన్ ఎక్కించి, పెద్ద జబ్బయితే పట్నంలోని నర్సింగ్ హోముకు రోగిని వెంటబెట్టుకెళ్లే మనిషి ఆర్‌ఎంపీయే. వీళ్లకు శిక్షణ ఇద్దామా, అరెస్టు చేద్దామా అన్నది ప్రభుత్వాలు దశాబ్దాలుగా తేల్చుకోలేదు. అరెస్టు చేస్తే ఊరికి డాక్టరుండడు, శిక్షణ ఇస్తే వైద్య సంఘాలు ఊరుకోవు.

1975లో శ్రీవాస్తవ కమిటీ గ్రామాలకు ఆరోగ్య కార్యకర్తలను సూచించింది. వైద్య విద్యార్థులను పల్లెబాట పట్టించాలని 1977లో మొదలైన రోమ్ పథకం పెద్దగా మిగిల్చిందేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మూడు ముక్కలు

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దానిపై నడిచిన వివాదంతో ముడిపడినదే 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు. సుప్రీంకోర్టు ఆ తీర్పులో ప్రైవేటు కాలేజీల సీట్లను సగం ఉచితం, సగం పేమెంటుగా విడదీసింది. రాష్ట్రంలోని వైద్య కాలేజీలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో విజయవాడలో ఏర్పడింది.

జిల్లా, ఏరియా ఆసుపత్రుల కోసం వైద్య విధాన పరిషత్తు 1987 నుంచి పనిచేసింది. దీంతో అజమాయిషీ మూడు చోట్లకు చేరింది. రక్తం తక్కువైన గర్భిణిని పీహెచ్‌సీలో చూసే డాక్టరు జిల్లా వైద్య, ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ద్వారా ప్రజారోగ్య సంచాలకుడికి జవాబుదారీ. ఆమెను పంపే ఏరియా ఆసుపత్రి అప్పట్లో పరిషత్తుది. అక్కడా కుదరక చేరే పెద్దాసుపత్రి వైద్య విద్యా సంచాలకుడిది. రిఫరల్ చీటీ ఒకటే అయినా, దారిలో ఆలస్యమైతే అడగాల్సిన అధికారులు ముగ్గురు.

కౌన్సిల్ పతనం, కమిషన్

1956 చట్టంతో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు కొత్త రూపం వచ్చింది. కొత్త కాలేజీకి కేంద్రం అనుమతి తప్పనిసరన్న 1993 సవరణతో దాని సిఫార్సుకు విలువ పెరిగింది, ధర కూడా పలికింది. తనిఖీ రోజు ఉదయం పది గంటలకు వార్డుల్లో ఎన్ని మంచాలు నిండాయో లెక్కపెట్టేవారు. ప్రొఫెసర్లు డిగ్రీలు, జీతం కాగితాలు పట్టుకుని వరుసగా వచ్చి తలలు లెక్క పెట్టించుకోవాల్సి వచ్చేది. ఆ ఒక్క పూట లెక్క సరిపోతే చాలు కాబట్టి, జబ్బులేని జనాన్ని బస్సుల్లో తెచ్చి మంచాలపై పడుకోబెట్టడం, ఎక్కడో ప్రాక్టీసు చేసుకునే డాక్టరును ఆ రోజుకు అధ్యాపకుడిగా చూపడం ఒక వ్యాపారమైంది. 2010లో కౌన్సిల్ అధ్యక్షుడిని లంచం ఆరోపణపై సీబీఐ అరెస్టు చేశాక కేంద్రం కౌన్సిల్‌నే రద్దుచేసింది. తర్వాత పునరుద్ధరించినా, 2016లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాని తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

2019 చట్టంతో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2020 సెప్టెంబరు 25న పని మొదలుపెట్టింది. కౌన్సిల్లో వైద్యులు ఎన్నుకున్న సభ్యులకు గట్టి పట్టు ఉండేది, కమిషన్‌లో ఎక్కువ మంది నియమితులు. అదే చట్టం 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే కొత్త మనిషికి పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంది. ఎల్‌ఎంపీని తీసేసిన డెబ్బై ఏళ్లకు అలాంటివాడి కోసమే వెతుకులాట! దీనికి నిరసనగా దేశమంతా డాక్టర్లు సమ్మెకు దిగారు.

ఈలోగా రాష్ట్రాలు జిల్లాకో మెడికల్ కాలేజీ పెట్టే పోటీలో పడ్డాయి. 2023 సెప్టెంబరు 15న ఆంధ్రప్రదేశ్‌లో అయిదు, తెలంగాణలో తొమ్మిది ప్రభుత్వ కాలేజీలు ఒకేరోజు ప్రారంభమయ్యాయి. చాలాచోట్ల జిల్లా ఆసుపత్రి బోర్డు మార్చి బోధనాసుపత్రి చేశారు. కొన్ని వారాల ముందే కమిషన్ రాష్ట్రంలో పది లక్షల జనాభాకు 100 ఎంబీబీఎస్ సీట్లు మించరాదని నిబంధన పెట్టింది. దక్షిణాది రాష్ట్రాలు అభ్యంతరం చెప్పడంతో ఆ ఏడాది నవంబరులో దాన్ని వాయిదా వేసింది.