రెండు జతల స్పీకర్లు, వందేళ్ళ పంచాయితీ

బైకు కొనాలంటే మైలేజీ చూస్తాం, ల్యాప్‌టాప్ కొనాలంటే ర్యామ్ చూస్తాం. స్పీకర్ల దగ్గరికొచ్చేసరికి కాగితం మీద ఎన్ని అంకెలున్నా చివరికి తీర్పు చెప్పాల్సింది చెవే. చిక్కేంటంటే, ఈ జడ్జిగారికి లంచమివ్వడం చాలా తేలిక. కాస్త సౌండు పెంచితే చాలు, పడిపోతాడు. నన్నడిగితే, స్పీకర్ల చరిత్రలో సగం ఈ లంచం ఇవ్వడానికి, మిగతా సగం దాన్ని ఆపడానికి జరిగిందే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆర్మూర్ పక్కన ఆలూర్‌లో మా ఇంటికి స్పీకర్లు కొనాలి. రెండు జతలు తేలాయి. ఒకటి స్టాండు మీద పెట్టుకునే చిన్న పెట్టెల జత. ఇంకోటి నడుమెత్తు టవర్లు, ధర రెట్టింపు. ఆ తేడా డబ్బు మా బాపు లెక్కలో ఎకరం పసుపు తవ్వించే కూలీ కన్నా ఎక్కువే. కాబట్టి "రెండూ బాగున్నాయి" అని తప్పించుకోవడం కుదరదు.

మొదటి లంచం కథ ఎడిసన్‌ది. 1915 నుంచి ఆయన కంపెనీ అమెరికాలో 'టోన్ టెస్టు'లు పెట్టింది. స్టేజీ మీద ఓ గాయని, పక్కనే ఫోనోగ్రాఫు. మధ్యలో దీపాలు ఆర్పేస్తారు. పాడేది మనిషో, మిషనో చెప్పండి అంటారు. జనం చెప్పలేకపోయారట! ఆ గాయనుల్లో ఒకరైన ఆనా కేస్ చాలా ఏళ్ళ తర్వాత అసలు గుట్టు విప్పింది: ఆమే తన గొంతు తగ్గించుకుని మిషన్‌లాగా పాడేది. అంటే మిషన్ మనిషి స్థాయికి ఎదగలేదు, మనిషే మిషన్ స్థాయికి దిగింది.

ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న స్పీకర్‌కి మూలం 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ ప్రచురించిన పేపరు. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికో కోను... ఈ రోజుకీ అదే సూత్రం. అప్పటి యాంప్లిఫయర్ల శక్తి చాలా తక్కువ. ఉన్న కాస్త కరెంటుతో ఊరంతా వినపడాలంటే హార్నే దిక్కు. మన పెళ్ళిళ్ళ మైక్ సెట్టు బాకా ఆ వంశానిదే. దాని పని దూరం చేరడం, అచ్చంగా వినిపించడం కాదు.

ఇంటికి మంచి బేస్ కావాలంటే మాత్రం బీరువా అంత పెట్టె కావాల్సి వచ్చేది. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి ఆ లెక్క మార్చేశారు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలో, లోపలి గాలినే స్ప్రింగులాగా వాడుకునే ఏఆర్-1 తెచ్చారు. 1958లో ఏఆర్-3 వచ్చింది. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్‌ని స్టేజీ మీద కూర్చోబెట్టి, మధ్యమధ్యలో వాద్యాలు ఆపి స్పీకర్లు మోగించేవారు. మళ్ళీ టోన్ టెస్టే కదా అంటారేమో. కానీ ఈసారి వాద్యకారులు స్పీకర్ కోసం గొంతు మార్చుకోలేదు.

అటు ఇంగ్లండులో బీబీసీ వాళ్ళది వేరే అవసరం. ప్రసార వ్యానులో చోటుండదు, కానీ అనౌన్సర్ గొంతు గొంతులాగే వినపడాలి. 1970లలో వాళ్ళు తయారుచేసిన ఎల్ఎస్3/5ఏ మన చేతిసంచిలో పట్టేంత పెట్టె. లోతైన బేస్ లేదు, కానీ మాటా పాటా ఎంత స్పష్టమో! ఇప్పటి చిన్న స్పీకర్లు చాలావాటికి అది తాతలాంటిది.

అసలు లంచగొండితనానికి మందు కనిపెట్టింది కెనడా. 1980లలో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ అనే సైంటిస్టు, స్పీకర్లని తెర వెనక పెట్టి, సౌండు సమానం చేసి వినిపించాడు. కళ్ళకి పని లేనప్పుడు చాలామంది అభిప్రాయాలు ఒకేచోట కలిశాయి: ఏ స్వరాన్నీ పెంచకుండా తగ్గించకుండా వినిపించేదే నచ్చింది. 1994లో టూల్, షాన్ ఆలివ్ కలిసి హార్మన్ కంపెనీ ఉద్యోగులు నలభై మందితో ఒకసారి చూపిస్తూ, ఒకసారి దాచిపెట్టి పరీక్షించారు. చూస్తూ విన్నప్పుడు మార్కులు మారిపోయాయి. తెర వెనక బాగా మార్కులు తెచ్చుకున్న ఓ చవక సెట్టు, కనపడగానే కిందికి పడింది. ధ్వని గురించే పనిచేసే కంపెనీ మనుషులే అలా ఉంటే, మనమెంత?

మా ఆర్మూర్ చుట్టుపక్కల చెవులకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1980లలో గల్ఫ్ వెళ్ళినవాళ్ళు సెలవుకొచ్చేటప్పుడు టూ-ఇన్-వన్ తెచ్చేవారు. దాన్ని వాకిట్లో పెట్టి ఫుల్ సౌండుతో మోగిస్తేనే మర్యాద. "ఎంత గట్టిగా మోగితే అంత మంచిది" అనే నమ్మకం చాలా ఇళ్ళలో ఇప్పటికీ పోలేదు. షోరూముల వాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

అందుకే టూల్ పద్ధతినే పల్లెటూరి వెర్షన్‌లో చేశాం. ఒక జత దోస్తుది, ఇంకోటి డిపాజిట్ కట్టి షాపు నుంచి తెచ్చింది. మధ్యలో అమ్మ పల్చటి నూలు చీర అడ్డం కట్టి, సౌండ్ మీటర్‌తో రెండింటినీ సమానం చేశాను. తెర వెనక మార్చడం తమ్ముడి పని, ఏది మోగుతుందో నాక్కూడా చెప్పకూడదని షరతు. ఆరు పాటలకి బాపు ఐదుసార్లు, అమ్మ నాలుగుసార్లు చిన్న పెట్టెలకే ఓటేశారు. నావి మూడు, మూడు. బాపు కారణం కూడా చెప్పాడు: "ఒకదాంట్ల మాట సాఫ్ ఇనొస్తుంది. ఇంకోదాంట్ల గది మోగుతుంది."

ఆయనకి ఫిజిక్స్ రాదు కానీ విషయం అదే. మాది స్లాబు ఇల్లు, కింద బండలు, గోడకి కర్టెన్లు లేవు. అలాంటి చిన్న గదిలో రెండు, మూడొందల హెర్ట్జ్ కింద వినపడేదాంట్లో స్పీకర్ వాటా ఎంతో గది వాటా కూడా అంతే. టవర్లని గోడకి దూరంగా జరిపితే కొంత నయం, కానీ జరిపితే నడవడానికి దారి ఉండదు. పెద్ద హాలున్నవాళ్ళ ఇంట్లో తీర్పు తిరగబడొచ్చు. ముగ్గురి ఓట్లు రీసెర్చి కాదు, మా ఇంటి వరకే.

తెర తీశాక కూడా నా కళ్ళు టవర్ల మీదే ఉన్నాయి, నిజం చెప్పాలిగా. అయినా చిన్న జతే కొన్నాం. మీరూ కొనేముందు మూడు పనులు చెయ్యండి: సౌండు సమానం చెయ్యండి, తెర కట్టండి, మీ గదిలోనే వినండి. షాపువాడు ఈ మూడింట్లో దేనికి ఒప్పుకోకపోయినా, లంచం ఎక్కడుందో మీకు అర్థమైపోతుంది.