తెర వెనుక నోరు: అనంతపురం సీమ అధిక్షేపంలో ముసుగు

1917 ప్రాంతంలో అనంతపురంలో పప్పూరు రామాచార్యులు, ఆయన మిత్రులు కలిసి 'వదరుబోతు' పేరుతో సంఘ విమర్శ వ్యాసాలు వెలువరించారు. వాటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు 'టాట్లర్', 'స్పెక్టేటర్' పత్రికలకు అవి అనుసరణ అన్న మాటే ముందు వినిపిస్తుంది. కాదనడానికి లేదు. టాట్లర్ అంటే వదరుబోతే. పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి'కి స్పెక్టేటర్ ఎలాగో దీనికి టాట్లర్ అలాగ. కానీ అనుసరణ అనేసి ఊరుకుంటే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. లండన్ కాఫీ క్లబ్బుల్లో పుట్టిన పద్ధతి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని ఈ మెట్ట సీమలో ఎలా వేళ్లూనింది? వ్యాస ప్రక్రియ బయటి నుంచి వచ్చిందే గానీ, సొంత పేరు పక్కన పెట్టి, ఇంకొకరి నోట ఊరి తప్పులు పలికించడం ఈ జిల్లాకు అంతకు ముందే అలవాటైన విద్య అని నా వాదన.

ఆ విద్యను చూడాలంటే తోలుబొమ్మలాట దగ్గరికి పోవాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈనాటికీ మేకతోలు పలచగా గీకి, ఆరబెట్టి, సన్నగా తూట్లు పొడిచి, రంగులద్ది బొమ్మలు చేస్తారు. తెల్లని పంచె తెరగా కట్టి, వెనుక దీపం పెడతారు. ఆ వెలుగులో రాముడు, రావణుడు అయ్యవారి భాషలో గంభీరంగా మాట్లాడుకుంటారు. వాళ్ల నడుమ ఉన్నట్టుండి హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్క దూరుతారు. కేతిగాడు వాళ్ల వెంటే వస్తాడు. వాళ్లది రామాయణ భాష కాదు, సంత భాష. కరణం లెక్క, వడ్డీ కాగితం, పెళ్లిలో డాబు, పూజారి దక్షిణ, ఏదైనా వాళ్ల తిట్లలోకి వచ్చేస్తుంది. లంక కథలో వాళ్లకు పనేమీ లేదు గనుకనే ఊరి కథ మాట్లాడగలుగుతారు. ఆడించేవాళ్లలో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆరె కుటుంబాలవాళ్లు, ఊరూరా తిరిగి బతికినవాళ్లు. సొంత నోటితో అంటే చెల్లని మాట తోలుబొమ్మ నోట చెల్లింది. ముందు వరసలో కూర్చున్న పెద్దరైతు కూడా నవ్వక తప్పలేదు. కోపం తెచ్చుకుంటే ఆ తిట్టు తనకే తగిలిందని ఒప్పుకున్నట్టవుతుంది.

వదరుబోతుకూ తోలుబొమ్మకూ ఉన్న ఈ పోలికను బయటి దేశాల చరిత్ర కూడా బలపరుస్తుంది. టాట్లర్ స్థాపకుడు రిచర్డ్ స్టీల్ ఐర్లండులోని డబ్లిన్‌లో పుట్టినవాడు. 1709లో పత్రిక పెట్టినప్పుడు అతడు తొడుక్కున్న ఐజక్ బికర్‌స్టాఫ్ అనే ముసుగును అంతకు ఏడాది ముందు కల్పించింది ఇంకో డబ్లిన్‌వాడు, జొనాథన్ స్విఫ్ట్. పోలండులో 1765 నుంచి 1785 దాకా నడిచిన 'మోనిటర్' కూడా స్పెక్టేటర్ అచ్చులో పోసినదే. ఇగ్నాసీ క్రాసిట్‌స్కీ వంటివారు దాని ద్వారా తమ దేశపు ప్రభువర్గం పాత పోకడలను ఎండగట్టారు. ఒకే మూస వార్సాలో ప్రభువుల సంస్కరణకూ, అనంతపురంలో జిల్లా పట్నపు మధ్యతరగతి నడవడికీ పనికొచ్చింది. మూస ఒకటైనా, అందులో పోసిన సరుకు ఏ ఊరికి ఆ ఊరిదే. బొమ్మలాటలో జుట్టుపోలిగాడిని ఎరిగిన పాఠకులకు వదరుబోతు గొంతు కొత్తగా తోచి ఉండదు.

వదరుబోతు రాసినవాళ్లు చదువుకున్న పట్నవాసులు, వాళ్లకు తోలుబొమ్మల నుంచి నేరుగా అందిందేమిటని అడగవచ్చు. నేరుగా అందిందని నేను అనడం లేదు. రాసేవాళ్ల చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉంటే ఉండనీ, ముసుగు మాటను అపార్థం లేకుండా అందుకునే శ్రోత ఇక్కడ తయారై ఉన్నాడని మాత్రమే అంటున్నాను. పేరు దాచుకోవడం పిరికితనం కాదా అన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. దీనికి డబ్లిన్ జవాబిస్తుంది. 1724లో స్విఫ్ట్ ఒక బట్టల కొట్టువాడి పేరుతో, ఐర్లండు మీద రుద్దుతున్న రాగి నాణేలకు ఎదురుగా లేఖలు రాశాడు. రాసిందెవరో చెబితే 300 పౌండ్లు ఇస్తామని సర్కారు చాటింది. ఎవరో ఊరంతటికీ తెలుసు, ఒక్కరూ పట్టివ్వలేదు. మరుసటి ఏడాది ఆ నాణేల హక్కు రద్దయింది. అక్కడ ముసుగు రచయితను దాచలేదు, ఊరినంతటినీ ఆ బట్టల కొట్టువాడి పక్కన నిలబెట్టింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. జుట్టుపోలిగాడి మాటల్లో ఆడవాళ్లను కించపరిచేవి కొల్లలు. ముసుగు బలవంతుడినే కాదు, బలహీనుడినీ కొడుతుంది. ఈ సంప్రదాయాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ భాగం దాటవేయడం నాకు న్యాయంగా తోచదు.

ముసుగుకు అందని చోటు ఒకటుంది. అది ఈ సీమలోనే, శింగనమల మండలంలో కనబడుతుంది. ఆ మండలంలోని తరిమెలలో 1915లో పుట్టిన విద్వాన్ విశ్వం, రామాచార్యుల 'సాధన' పత్రికలో పనిచేసి, తరవాత 'ఆంధ్రప్రభ' పత్రికలో 'మాణిక్యవీణ' శీర్షికన ఏళ్ల తరబడి రాజకీయం, సాహిత్యం, సంఘం మీద వ్యాఖ్యలు రాశాడు. వ్యాఖ్య ఆయన రోజువారీ వృత్తి. ఆ మనిషే తన సీమ కరువును కావ్యం చేయబోయినప్పుడు 'పెన్నేటి పాట'లో అధిక్షేపాన్ని పక్కన పెట్టి, రంగడు, గంగమ్మ అనే కూలి దంపతుల ఆకలి బతుకును దుఃఖంగానే చెప్పాడు. ఎత్తిపొడుపుకు తప్పు చేసిన మనిషి ఎదురుగా ఉండాలి. వడ్డీవాడిని వెక్కిరించవచ్చు, వట్టి పెన్న ఇసుకను వెక్కిరించలేం. కరువులో మనుషుల తప్పు లేదా అంటే ఉంది. పూడిక తీయని చెరువు, అంచనాలకే ఆగిన కాలువ మనుషుల తప్పులే. వాటిని అడగడానికి జుట్టుపోలిగాడి నోరు చాలు. కానీ గంగమ్మ ముందు నిలబడి ఆ నోరు ఏమనగలదు? విశ్వం అక్కడ ముసుగు తీసి తన గొంతుతోనే మాట్లాడాడు. వదరుబోతు వ్యాసాలు పుస్తకంగా మిగిలాయి, పెన్నేటి పాట మిగిలింది. తెర మీద బంగారక్క ఆ రాత్రి ఆ ఊరి కోసం పుట్టించిన మాటలు మాత్రం చాలావరకు దీపంతోపాటే పోయాయి. నిమ్మలకుంట పెద్దల నోట ఇంకా ఉన్న వాటిని ఊరూ పేరూ సందర్భంతో సహా రాసుకుని, వదరుబోతు పక్కన పెట్టి చదవవలసిన పని మిగిలే ఉంది.