2019 ఎల్‌ఎస్‌యూ టైగర్స్ ఫుట్‌బాల్ సీజన్

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) జట్టు ఆడిన 15 ఆటలూ గెలిచి జాతీయ చాంపియన్ అయిన సీజన్ ఇది. 2019 ఆగస్టు 31న బాటన్ రూజ్‌లో మొదలై, 2020 జనవరి 13న న్యూ ఆర్లీన్స్‌లో ముగిసింది. 1958, 2003, 2007 తర్వాత ఆ యూనివర్సిటీకి ఇది నాలుగో టైటిల్.

ఫుట్‌బాల్ అనగానే మనకు తట్టే సాకర్ వేరు, ఈ ఆట వేరు. కోలగా ఉండే బంతిని విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ 100 గజాల మైదానం అవతలి కొసకు చేర్చాలి. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోలేకపోతే బంతి ఎదుటి జట్టుకు దక్కుతుంది. కొసకు చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. బంతి ఎవరికి ఇవ్వాలో, ఎటు విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్.

ఎల్‌ఎస్‌యూకు ఆటగాళ్ల కొరత ఎన్నడూ లేదు. కొరతంతా ఆడే తీరులోనే. రన్నర్ చేతికి బంతి ఇచ్చి మధ్యలోంచి తోసుకుపోవడం, మిగతా భారం డిఫెన్స్ మీద వేయడం ఏళ్ల తరబడి దాని అలవాటు. ఈ తీరుతో ప్రత్యర్థి అలబామా యూనివర్సిటీని ఓడించడం దాని వల్ల కాలేదు. 2003లో ఎల్‌ఎస్‌యూకు టైటిల్ తెచ్చిన కోచ్ నిక్ సేబనే తర్వాత అలబామాకు వెళ్లి, పాత జట్టును వరసగా 8 సార్లు ఓడించాడు. 2018లో సొంత మైదానంలోనే 29-0తో ఓడిపోవడం ఎల్‌ఎస్‌యూ అభిమానులకు తల కొట్టేసినట్టయింది.

అప్పటి హెడ్ కోచ్ ఎడ్ ఓర్జరాన్ దక్షిణ లూసియానాలో బయూలనే చిత్తడి కాల్వల ప్రాంతంలో పుట్టిన కేజన్, అంటే అక్కడి ఫ్రెంచ్ మూలాల జనంలో ఒకడు. బొంగురు గొంతు, మొరటు యాస. మిసిసిపీ యూనివర్సిటీలో కోచ్‌గా నెగ్గుకురాలేక ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 2016లో సీజన్ నడుమ తాత్కాలికంగా పగ్గాలు అందుకుని, ఆ తర్వాత సొంత రాష్ట్రపు జట్టుకే పూర్తిస్థాయి కోచ్ అయ్యాడు. 2019 జనవరిలో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టులో చిన్న హోదాలో పనిచేస్తున్న 29 ఏళ్ల జో బ్రేడీని పిలిచి పాసింగ్ ఆట బాధ్యత ఇచ్చాడు. అనుభవజ్ఞుడైన ఆఫెన్స్ కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్ ఆ కుర్రవాడితో కలిసి పనిచేయడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. టైటిల్‌కు పునాది ఇక్కడే పడింది.

కొత్త పద్ధతిలో ఐదుగురిని మైదానం అడ్డంగా పరిచేవారు, రన్నర్ కూడా పాస్ అందుకోవడానికి బయటికి వెళ్లేవాడు. వాళ్లను కాయాలంటే డిఫెన్స్ కూడా చెదరాల్సిందే. చెదిరిందంటే ఎక్కడ ఖాళీ ఉందో బంతి కదలక ముందే క్వార్టర్‌బ్యాక్‌కు కనిపిస్తుంది. ఇంత త్వరగా చదవగలిగిన మనిషి జో బరో రూపంలో జట్టులో అప్పటికే ఉన్నాడు. ఒహాయో స్టేట్‌లో బెంచీకే పరిమితమై, డిగ్రీ పూర్తిచేసుకుని 2018లో ఎల్‌ఎస్‌యూకు వచ్చినవాడు. మొదటి ఏడాది 16 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 2019లో 60 వేశాడు. మనిషి అతడే, చుట్టూ ఆట మారింది.

సెప్టెంబర్ 7న ఆస్టిన్‌లో టెక్సస్‌తో ఆట దీన్ని దేశానికి చూపించింది. ఆఖరి నిమిషాల్లో 6 పాయింట్ల ఆధిక్యం, మూడో ప్రయత్నం, ఇంకా 17 గజాలు పోవాలి. పాత ఎల్‌ఎస్‌యూ అయితే రన్నర్‌కు బంతి ఇచ్చి గడియారం కరిగించేది. బరో మీదికి వస్తున్న డిఫెండర్లను తప్పించుకుని జస్టిన్ జెఫర్సన్‌కు విసిరాడు. జెఫర్సన్ అందుకుని 61 గజాల టచ్‌డౌన్ చేశాడు. ఆట 45-38తో ముగిసింది.

అక్టోబర్ 26న ఆబర్న్ మీద 23-20తో గట్టెక్కింది. సీజన్ మొత్తంలో ఎల్‌ఎస్‌యూ స్కోరు 36 కంటే తగ్గింది ఆ ఒక్క ఆటలోనే. నవంబర్ 9న టస్కలూసాలో అలబామాతో తలపడి, సగం ఆటకు 33-13తో ముందుకెళ్లి, చివరికి 46-41తో నిలబెట్టుకుంది. పొట్టి రన్నర్ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్ ఆ రోజు నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఎనిమిదేళ్ల బాకీ తీరింది. అంతకుముందు ఏడాది ఏడు ఓవర్‌టైమ్‌లు ఆడి 74-72తో తమను ఓడించిన టెక్సస్ ఏ అండ్ ఎంను ఈసారి 50-7తో పంపించారు. ఆ రాత్రి బరో తన పేరును కేజన్ ఫ్రెంచ్ తరహాలో రాయించుకున్న జెర్సీతో మైదానంలోకి వచ్చాడు. ఒహాయో కుర్రవాడిని లూసియానా తనవాడిగా చేసుకుంది.

డిసెంబర్ 7న జార్జియాను 37-10తో ఓడించి, ఎల్‌ఎస్‌యూ ఆడే ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచారు. వారం తర్వాత బరోకు ఏడాది మేటి కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ దక్కింది. ఆ వేదిక మీద అతడు తాను పెరిగిన ఆగ్నేయ ఒహాయోలో పిల్లలు ఇంటికెళ్తే తినడానికి ఉండని పేదరికాన్ని ఏడుస్తూ గుర్తుచేశాడు. ఆ మాటలు విన్న జనం అక్కడి ఆహార సహాయ కేంద్రానికి కొద్ది రోజుల్లోనే 5 లక్షల డాలర్లకు పైగా పంపారు. ఆ సీజన్‌లో మైదానం బయట జరిగిన అతి గొప్ప పని ఇదే.

డిసెంబర్ 28న అట్లాంటాలో ఓక్లహోమాతో సెమీఫైనల్. ఆట చూడటానికి చిన్న విమానంలో బయల్దేరిన ఎన్స్‌మింగర్ కోడలు ఆ ఉదయమే లూసియానాలో విమానం కూలి చనిపోయింది. ఆ కబురు విన్నాక కూడా ఆయన పైన ప్రెస్ బాక్స్‌లో తన కుర్చీలో కూర్చుని ఆట నడిపించాడు. బరో మొదటి సగంలోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, వాటిలో నాలుగు జెఫర్సన్‌కే. స్కోరు 63-28.

ఫైనల్ న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో. ప్రత్యర్థి వరసగా 29 ఆటలు గెలిచి వచ్చిన క్లెమ్సన్. ఎల్‌ఎస్‌యూ మొదట తడబడి 17-7తో వెనకబడింది. న్యూ ఆర్లీన్స్ పక్క ఊళ్లో పెరిగిన జమార్ చేజ్ డిఫెండర్లను దాటేసి 221 గజాల పాస్‌లు అందుకోవడంతో ఆట తిరగబడింది. బరో 463 గజాలు విసిరి, ఐదు టచ్‌డౌన్ పాస్‌లు వేసి, ఇంకొకటి తానే పరుగెత్తి చేశాడు. 42-25. సీజన్ మొత్తం 726 పాయింట్లు. 2013లో ఫ్లోరిడా స్టేట్ చేసిన 723 రికార్డు దాటిపోయింది.

కూడిన జట్టు అంతే వేగంగా విడిపోయింది. బ్రేడీ కరోలైనా పాంథర్స్‌కు, డిఫెన్స్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా బేలర్‌కు వెళ్లారు. ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2020 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో బరోను సిన్సినాటి బెంగాల్స్ మొట్టమొదట ఎంచుకుంది. అతడితో కలిపి 14 మంది ఎల్‌ఎస్‌యూ ఆటగాళ్లు ఎంపికయ్యారు. ఆ ఏడాది ఎల్‌ఎస్‌యూ ఐదు గెలిచి ఐదు ఓడింది. 2021 సీజన్‌తో ఓర్జరాన్ కూడా తప్పుకున్నాడు. అదే ఏడాది బెంగాల్స్ చేజ్‌ను తీసుకుని మళ్లీ బరోతో కలిపింది. ఒకే సీజన్‌లో బరో వేసిన 60 టచ్‌డౌన్ పాస్‌ల రికార్డును వెస్టర్న్ కెంటకీ క్వార్టర్‌బ్యాక్ బెయిలీ జాపీ 62తో దాటాడు.