ముసలి విలన్‌కి ఏం కావాలి?

మొన్న పండక్కి ఇంటికెళ్ళినప్పుడు టీవీలో 'గాయం' వస్తోంది. 1993 నాటి రాంగోపాల్ వర్మ సినిమా. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, అయినా మళ్ళీ కూర్చున్నా. అందులో కోట శ్రీనివాసరావు వేసిన గురునారాయణ కనబడగానే నాకు ఎప్పుడూ వచ్చే సందేహమే మళ్ళీ వచ్చింది. బయట కుర్రాళ్ళు కత్తులు పట్టుకుని కొట్టుకుంటున్నారంటే అర్థముంది, వాళ్ళకి వయసుంది, ఆవేశముంది. ఈ పెద్దాయనకేం తక్కువైంది? తిన్నది అరిగే వయసు కూడా దాటింది కదా. ఇంకా ఏం కావాలి?

పైకే అన్నాననుకుంటా. పక్కన పేపర్ చదువుకుంటున్న మా బాపు తలెత్తకుండా, "కాయితం కావాలె" అన్నాడు.

"ఏం కాయితం బాపూ?"

"నీకు దొరలు ఎరుకలేదు గద. గందుకే సమజైతలేదు."

ఆ రోజు ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి రాస్తున్నా. నేను చరిత్రకారుణ్ణి కాదు, పగలంతా డేటాబేస్‌లతో కుస్తీ పట్టే మామూలు ఉద్యోగిని. కాబట్టి అభిప్రాయాలు నావి, తప్పులుంటే అవీ నావే.

మన సినిమాల్లో ముసలి విలన్‌కి అసలు మూలపురుషుడు దొర. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి', 1988లో బి.నర్సింగరావు తీసిన 'దాసి', 1997లో దాసరి తీసిన 'ఒసేయ్ రాములమ్మ'.. ఈ మూడూ చూస్తే గడి లోపల ఏం జరిగేదో కొంత తెలుస్తుంది. మొదటి రెండూ బాధ్యతగా తీసినవి. కానీ వాటి తర్వాత వచ్చిన మసాలా సినిమాల్లో దొర అంటే కామం, కొరడా, మీసం. అంతే. తర్వాత్తర్వాత ఆ దొరే ఖద్దరు చొక్కా వేసుకుని హైదరాబాద్‌లో గ్యాంగ్‌లని నడిపే పెద్దాయన అయ్యాడు. పైగా ఆయన భాష! 1985లో 'ప్రతిఘటన'లో కోట గారు తెలంగాణ యాసలో మాట్లాడి హాలంతా ఊపేశారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు, గొప్ప నటుడు, 2025 జులైలో పోయారు, ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ మా నాయనమ్మ మాట్లాడే భాష తెర మీద ఎప్పుడూ విలన్ నోట్లోంచో, కమెడియన్ నోట్లోంచో వినబడటం చిన్నప్పుడు నాకు ఎలాగో ఉండేది. దొర చేతిలో దెబ్బలు తిన్నవాడి భాష కూడా అదే కదా!

సరే, విషయానికొస్తా. కామమూ కొరడా అబద్ధం అనట్లేదు. గడికి దాసీలుగా పోయిన ఆడవాళ్ళ బతుకులు ఏ సినిమాలోనూ పూర్తిగా పట్టవు. నా ప్రశ్న వేరే: ఇన్ని అకృత్యాలు చేసి ఒక ఊళ్ళో ఒక కుటుంబం తరాల తరబడి ఎలా నిలబడగలిగింది? కేవలం భయంతోనా?

నిజాం కాలంలో ఊరి పాలన మూడు ఉద్యోగాల మీద నడిచేది. శిస్తు వసూలుకి మాలీ పటేల్, శాంతిభద్రతలకి పోలీస్ పటేల్, భూమి లెక్కలకి పట్వారీ. మూడూ వంశపారంపర్యమే. చాలా ఊళ్ళలో ఇవి దొర ఇంట్లోనో, దొర చెప్పినట్టు వినేవాళ్ళ చేతిలోనో ఉండేవి. మన భాషలో చెప్పాలంటే ఊరు మొత్తానికి రూట్ పాస్‌వర్డ్ ఒకే ఇంట్లో ఉంది. ఎవరి పేరు మీద ఎంత భూమి, ఎవరు దున్నుతున్నారు, ఎవరు శిస్తు కట్టారు.. రాసేది వాళ్ళే, దిద్దేది వాళ్ళే, తగాదా వస్తే తీర్పు చెప్పి దండుగ వేసేది కూడా వాళ్ళే. బ్యాకప్ లేదు, ఆడిట్ లాగ్ లేదు. కొరడా ఎప్పుడో ఒకసారి తియ్యాలి, దఫ్తరు రోజూ పనిచేస్తుంది.

ఈ సంగతి అప్పటి పోరాటకారులకి బాగా తెలుసు. మన కరీంనగర్ జిల్లాలో అనభేరి ప్రభాకరరావు దళం ఊరూరా తిరిగి తగలబెట్టింది గడుల్ని కాదు, పటేల్ పట్వారీల దగ్గరున్న రికార్డుల్ని. విచిత్రం ఏంటంటే అనభేరి స్వయంగా భూస్వామి కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆ కాగితాల విలువ ఏంటో ఇంట్లోనే చూసి ఉంటాడు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో భూపతిరెడ్డితోనూ, మరికొందరు సహచరులతోనూ కలిసి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

నిజాం పోయాక కాగితానికి విలువ తగ్గలేదు, ఇంకా పెరిగింది. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం ప్రకారం కొన్నేళ్ళు వరసగా సాగు చేసినవాడు రక్షిత కౌలుదారు అవుతాడు. పహాణీలో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఒకటి ఉంటాయి. రెండో కాలమ్‌లో ఒకే పేరు ఏళ్ళ తరబడి ఉంటే ఆ మనిషికి రేపు హక్కు పుడుతుంది. దొరకి అసలు భయం ఇక్కడ మొదలయింది.

ఇప్పుడు బాపు చెప్పింది చెప్తా. మా తాత ఊళ్ళో దొర దగ్గర భూమి కౌలుకి చేసేవాడు. ఏటా ఉగాది వెళ్ళగానే దొర తాతని పిలిపించి, "ఈ ఏడు చెరువు కింది పొలం చేస్కో" అనేవాడట. మరుసటేడు, "గా పొలం వద్దు గని, గుట్ట పక్క చెలక చేస్కో." ఆ తర్వాతేడు ఇంకోటి. తాతకి అది దొర దయలాగా కనబడేది. తన పేరు గుర్తుపెట్టుకుని, ఏటా పిలిచి మరీ భూమి చూపిస్తున్నాడని సంబరపడి దండం పెట్టి వచ్చేవాడు. దొరకి అప్పటికే డెబ్బై దగ్గరపడ్డాయి, కొడుకులు పట్నంలో సెటిలయ్యారు. అయినా ఆ ఒక్క పని మాత్రం ఎవరికీ అప్పగించకుండా పట్వారీని పక్కన కూర్చోబెట్టుకుని తనే చేసేవాడట.

"దయ గాదురా. ఒక్క పేరు ఒక్క సర్వే నంబర్ల మూడేండ్లు ఉండొద్దు. గంతే" అన్నాడు బాపు. ఆయనకి ఇది అర్థమయ్యేసరికి తాత పోయాడు.

గురునారాయణ మీద నేనడిగిన ప్రశ్నకి జవాబు అదే అనిపించింది. ముసలాయనకి సుఖం అక్కర్లేదు, డబ్బు కూడా అంత అక్కర్లేదు. ఎవడూ ఎక్కడా వేరు పట్టకూడదు. అంతే కావాలి.

1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. అంతకుముందు దానికోసం పట్టుబట్టిన ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు మా జిల్లా వంగర వాడే, ఆయనా భూస్వామే. ఆయన 1973 జనవరిలో పదవి పోగొట్టుకోడానికి జై ఆంధ్ర ఉద్యమంతో పాటు ఈ పట్టుదల కూడా ఒక కారణమంటారు. పరిమితి చట్టం రాగానే భూములు చుట్టాల పేర్ల మీదికి, జీతగాళ్ళ పేర్ల మీదికి కాగితాల్లో వెళ్ళిపోయాయి. జీతగాడికి తన పేరు మీద భూమి ఉందన్న సంగతే తెలీదు!

1978 సెప్టెంబర్‌లో వేలమంది రైతు కూలీలు జగిత్యాలకి నడిచి వచ్చారు. జైత్రయాత్ర అని ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళడిగిందేంటి? కూలి రేట్లు, వెట్టి రద్దు, కట్టించుకున్న దండుగల వాపసు, దొరలు ఆక్రమించిన బంజర్లు. దొరల ఇళ్ళకి చాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. అక్టోబర్ 20న ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పైన ఆదిలాబాద్‌లో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభ పెట్టుకోబోతే కాల్పులు జరిగాయి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. అక్కడా మూలం భూమే. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు రెండు వైపులా ఎంత నెత్తురు పారిందో మా వయసు వాళ్ళందరికీ తెలుసు, అది ఇంకో పెద్ద కథ.

దొరలు ఊళ్ళు వదిలారు. 1984లో ఎన్టీఆర్ పటేల్ పట్వారీ వ్యవస్థని రద్దు చేశారు. పట్నం చేరిన కొందరు కాంట్రాక్టుల్లోకి, వ్యాపారాల్లోకి, రాజకీయాల్లోకి వెళ్ళారు. గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో ఉయ్యాల బల్ల మీద కూర్చున్న పెద్దాయన నాకు ఇప్పుడు అక్కడినుంచే వచ్చినట్టు కనిపిస్తాడు.

అందరు దొరలూ ఒకటి కాదు. ఒప్పుకుంటా. అనభేరి పేరు అందుకే రాశా.

కానీ ఇదంతా రాయాలనిపించడానికి కారణం ఇంకోటుంది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలయింది. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది. అందులో అనుభవదారు కాలమ్ లేదు. పట్టాదారు మాత్రమే. కౌలుదారు, తెల్లకాగితం మీద కొనుక్కుని ముప్పై ఏళ్ళుగా దున్నుకుంటున్నవాడు.. తెర మీద లేరు. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది, మంచిదే. కానీ ఆ కాలమ్ తీసేసినప్పుడు దాన్ని కోడ్ చేసింది మనలాంటి ఎవరో ఇంజనీరే కదా. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఉంది, తీసేశాడు. వాడికి దురుద్దేశం ఉండి ఉండదు. ఒక్క లైను పని. ఆ ఒక్క లైను కోసం మా ఊరి దొర డెబ్బై ఏళ్ళ వయసులో ఏటా ఎండలో కూర్చున్నాడని వాడికెవరు చెప్తారు?

సినిమాలో ముసలి విలన్ చివర్లో చచ్చిపోతాడు, మనం లైట్లు వెలిగాక ఇంటికెళ్ళిపోతాం. మా ఊరి దొర కూడా ఎప్పుడో పోయాడు, గడిలో ఇప్పుడు గబ్బిలాలున్నాయి. మా తాత పేరు మాత్రం ఏ పహాణీలోనూ లేదు. బాపు పాతవి నకళ్ళు తీయించి చూశాడట, ఒక్క ఏడాదివి కూడా వదలకుండా.

ఈసారి ఏదైనా ప్రాజెక్టులో "ఈ ఫీల్డ్ ఎవరూ వాడట్లేదు, తీసేద్దాం" అని ఎవరైనా అంటే, ఒక్క నిమిషం ఆగి అందులో ఎవరి పేర్లున్నాయో చూద్దాం.